దొరబాబు ఎత్తిన కాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రాజు లేడు, మంత్రి లేడు, సభ లేదు. ఒక బంతి ఉంది. అది ఉంటే చాలు, మిగతావి ఎవరికి కావాలి?

మామూలు బంతి కాదర్రా అది. ఎండిన అడవి తీగల్ని ఉండలా చుట్టి, పైన తుమ్మబంక పూసి, మూడు రోజులు ఎండలో పెట్టి చేసిన బంతి. ఆ బంతితో ఏటిగట్టు జంతువులు ఫుట్‌బాల్ ఆడేవి. ఆడేవాళ్ళు పదకొండు మంది. చూసేవాళ్ళు అడవి అంతా. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయేవారో చెప్పండి చూద్దాం. చూసేవాళ్ళే! ఆట సాయంత్రం ఒక్క గంట. ఆ గంట మీద వాదన మాత్రం వారం రోజులు నడిచేది.

మైదానం పక్కన ఒక నల్లబండ ఉండేది. పైకి కనిపించేది కొంచెమే. మిగతాదంతా మైదానం కిందకి చొచ్చుకుపోయి ఉండేది. అభిమానులందరూ ఆ బండ మీదే కూర్చునేవారు. అందులో ముగ్గురి గురించి మీకు చెప్పాలి.

మొదటివాడు అడవిదున్న. పేరు దొరబాబు. బండకి పెద్ద ఆయనే. మనవాళ్ళకి బంతి దొరికిందంటే చాలు, దొరబాబు ముందుకాలు ఎత్తి బండ మీద దబ్బున వేసేవాడు. వెంటనే మిగతావాళ్ళూ మొదలుపెట్టేవారు. దబ్! దబ్! దబ్! కొమ్మల మీద పిట్టలు లేచిపోయేవి. “మనం తొక్కితేనే మనవాళ్ళకి ఊపు. మా నాన్న తొక్కాడు, మా తాత తొక్కాడు. గోల్సన్నీ మా కాళ్ళవల్లే పడ్డాయి” అనేవాడు దొరబాబు. నిజంగానే అలా నమ్మేవాడు పాపం.

రెండోవాడు నక్క నాగలింగం. పుట్టాక ఒక్కసారైనా బంతిని తన్నలేదు. కానీ ఆట గురించి ఆయనకి తెలియని ముక్క లేదు. తోకతో ఇసుకలో గీతలు గీసి, వెనక ఎంతమంది ఉండాలో, ముందు ఎంతమంది ఉండాలో చెప్పేవాడు. టీము గెలిస్తే తన గీతల వల్ల. ఓడితే ఆ గీతల్ని సరిగ్గా చూడనందువల్ల.

మూడోది ముంగిస ముత్యాలు. వెనకకాళ్ళ మీద నిలబడి, మెడ సాగదీసి, అన్నీ చూసేది. దాని నోట్లో ఎప్పుడూ ఒకటే మాట. “ఎందుకని?” బంతి ఎడమకి తిరిగింది, ఎందుకని? ఎలుగుబంటి గోలు దగ్గర నిలబడి అస్తమానం వీపు గోక్కుంటుంది, ఎందుకని? జవాబు చెప్పలేక అందరూ దాన్ని చూస్తే పక్కకి జరిగేవారు.

ఒకరోజు మైదానం నడిమధ్యలో ఆడే ముసలి కణుజు జింక మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. “ఇక నావల్ల కాదర్రా” అంది. నడిమధ్యలో ఆడేవాళ్ళ పని మీకు తెలుసుగా? వెనకనుంచి వచ్చిన బంతిని అందుకోవాలి. ముందున్నవాళ్ళకి అందించాలి. వాళ్ళు లేకపోతే వెనకవాళ్ళు ఒక ఊరు, ముందువాళ్ళు ఒక ఊరు అయిపోతారు.

బండ మీద గోల మొదలైంది.

“చిరుతని తెద్దాం. అదైతే పరుగెడుతుంది” అంది ఉడుత.

“అది పరుగెత్తేది బంతి కోసమో, మన కోసమో ఎవరికి తెలుసు?” అంది టీములో ముందుండి ఆడే కుందేలు.

“నాలుగు వెనక, మూడు మధ్య, మూడు ముందు” అన్నాడు నాగలింగం తోక తిప్పుతూ. “ఆ మధ్య మూడింటిలో నడిమిది కొండలాంటి జంతువు కావాలి. ఒళ్ళు ఉండాలి, వేగం ఉండాలి, చూపు ఉండాలి.”

సరిగ్గా అప్పుడే టీము కెప్టెన్ దుప్పి పొన్నయ్య వచ్చాడు. ఆయన వెనకాలే ఒక అలుగు వచ్చింది. అలుగు తెలుసు కదా? ఒళ్ళంతా పెంకులు, పొడుగాటి నాలుక, చీమలే దాని అన్నం. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. ఈ అలుగు పేరు అలివేలు. దాని తోక మీద బుజ్జి అలుగు ఒకటి బోర్లా పడుకుని ఉంది.

“మన కొత్త నడిమి ఆటగత్తె” అన్నాడు పొన్నయ్య.

బండ మీద అందరూ ఒక్కసారే మాట్లాడారు.

నాగలింగం చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. “ఏమ్మా, పరుగు వచ్చా?”

“అంతగా రాదండీ” అంది అలివేలు.

“చూపు బాగుందా?”

“దూరానివి సరిగా కనిపించవండీ.”

“మరి ఏం వచ్చు తల్లీ?”

“ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుందండీ.”

బండంతా నవ్వింది. కనిపించదట, కానీ తెలుస్తుందట! కోతి నవ్వి నవ్వి చెట్టు మీంచి కిందకి జారింది. ముత్యాలు మాత్రం నిక్కి నిలబడి, “ఎలా తెలుస్తుంది? ఎలా?” అని రెండుసార్లు అడిగింది. ఆ నవ్వుల్లో దాని మాట ఎవరికీ వినపడలేదు.

పొన్నయ్య మాటలు తక్కువవాడు. అయినా ఆ రోజు నాలుగు మాటలు చెప్పాడు. “పడమటి గుట్ట మీద రాళ్ళు దొర్లుతుంటే చూశాను. ఈమె తల ఎత్తలేదు. ఏ రాయి ఎటు వస్తుందో ముందే తెలిసినట్టు బిడ్డతో సహా పక్కకి జరిగింది. అందుకే తెచ్చాను.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పడమటి గుట్టకి వేసవిలో నిప్పంటుకుంది. పుట్టలన్నీ కాలిపోయాయి. అలివేలుకి, బిడ్డకి తినడానికి చీమ అన్నది లేదు. ఏటిగట్టు మద్దితోపులో పుట్టలకి కొదవ లేదు. కానీ తోపులో చోటు టీములో ఆడేవాళ్ళకే. కొత్తవాళ్ళకి మూడు ఆటల గడువు. మూడో ఆట అయ్యాక బండ మీదవాళ్ళు ‘ఉండు’ అంటే ఉండాలి. ‘వెళ్ళు’ అంటే వెళ్ళాలి. అది అక్కడి కట్టుబాటు.

అలివేలు తోపులోకి వెళ్ళి, ముందు బిడ్డకి పెట్టి, తర్వాత తను తింది. చాలా రోజుల తర్వాత ఇద్దరికీ కడుపు నిండింది.

మొదటి ఆట ఏటిగట్టు మీదే. లోయ టీము వచ్చింది. రెఫరీ కొంగ ‘క్రేక్’ అని అరిచింది. ఆట మొదలైంది. ఎలుగుబంటి బంతిని అలివేలు వైపు తోసింది.

దొరబాబు కాలు లేచింది. దబ్! బండంతా అందుకుంది. దబ్! దబ్! దబ్!

అలివేలు తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. బంతి దాని కాళ్ళ ముందునుంచే దొర్లిపోయింది. రెండోసారి బంతి వచ్చింది. తన్నింది. తిన్నగా లోయ టీము కాళ్ళ దగ్గరికే వెళ్ళింది. మూడోసారి బండ మీద ఎంత గట్టిగా తొక్కారంటే, అలివేలు భయపడి ఉండలా చుట్టుకుపోయింది. లోయ టీము అడవిపంది తొందరలో చూసుకోలేదు. బంతి అనుకుని అలివేలునే తన్నింది!

అలివేలు దొర్లుకుంటూ వెళ్ళి గోలులో పడింది.

“ఇది గోలా, కాదా?” అని కొంగ ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది. మనవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయారు. ఆట మూడు సున్నాతో పోయింది.

“చెప్పానా?” అన్నాడు నాగలింగం.

“మనం సరిగ్గా తొక్కలేదు” అన్నాడు దొరబాబు. “వచ్చేసారి ఇంకా గట్టిగా తొక్కాలి. ఆ పిల్లకి ఊపు చాల్లేదు.”

చూశారా, దొరబాబుకి అలివేలు మీద కోపం లేదు. జాలే. ఆ జాలితోనే ఇంకా గట్టిగా తొక్కుదామనుకున్నాడు.

రెండో ఆట ఏరు దాటి అవతల, వెదురుపొద టీము దగ్గర. దారిలో బురదనేల ఉంది. దొరబాబు బరువుకి అది ఆగదు. రెండు అడుగులు వేసి, మోకాలి దాకా దిగబడి, ఎలాగో వెనక్కి వచ్చాడు. “మీరు వెళ్ళి రండర్రా” అన్నాడు ముఖం చిన్నబుచ్చుకుని. నాగలింగం వెళ్ళాడు. ముత్యాలు వెళ్ళింది. బుజ్జి అలుగుని తనే ఎత్తుకుంది. ఇంకో పదిమంది వెళ్ళారు. దొరబాబు లేకపోతే తొక్కడం ఎవరు మొదలుపెడతారు? ఎవరూ మొదలుపెట్టలేదు. అందరూ వెదుళ్ళ కింద పొందిగ్గా కూర్చున్నారు.

ఆ రోజు అలివేలు ఆడిన ఆట చూసి తీరాలి!

పరుగెత్తలేదు. తల ఎత్తలేదు. నాలుగు పాదాలు నేలకి ఆనించి నిలబడింది. బంతి వస్తే తోకతో ఒక్క తోపు తోసింది. వెనక నుంచి కుందేలు పరుగెత్తుకొస్తోంది. అలివేలు దాన్ని చూడనే లేదు. బంతి మాత్రం తిన్నగా కుందేలు కాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆగింది. గోల్! ఇంకోసారి పొన్నయ్య ఎడమ పక్కన ఉన్నాడు. బంతి ఎడమ పక్కకి వెళ్ళింది. గోల్! ఆట రెండు ఒకటితో మనది.

నాగలింగం నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. మూసుకున్నాక అన్న మొదటి మాట, “నేను గీసిన గీతల ప్రకారమే ఆడింది” అని.

ఏటిగట్టుకి వచ్చాక వాదన ముదిరింది. చూసొచ్చినవాళ్ళు ‘ఉండు’ అన్నారు. చూడనివాళ్ళు ‘వెళ్ళు’ అన్నారు. “వెదురుపొద టీము ఒక టీమా? దాని మీద ఎవరైనా గెలుస్తారు” అన్నాడు దొరబాబు. మర్నాడు సాధన ఆట పెట్టారు. బండ మీద దొరబాబు, చుట్టూ అభిమానులు. దబ్! దబ్! దబ్! అలివేలు మళ్ళీ మొదటికొచ్చింది. బంతి ఒకవైపు, తను ఒకవైపు. చూసొచ్చినవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

ముత్యాలుకి మాత్రం మనసులో ఒకటే పురుగు తొలుస్తోంది. అక్కడ అలా ఆడింది. ఇక్కడ ఇలా ఆడుతోంది. ఎందుకని?

మొదట దానికి తిండి మీద అనుమానం వచ్చింది. ఇక్కడి చీమలు పడటం లేదేమో! వెళ్ళి తోపులో ఒక చీమని నోట్లో వేసుకుంది. చీమ నాలుక మీద కుట్టింది. ముత్యాలు గంటసేపు నాలుక బయటపెట్టుకుని తిరిగింది. చీమల్లో లోపం లేదని తెలిసింది.

తర్వాత నేల మీద అనుమానం వచ్చింది. మైదానం ఒక వైపు వాలుగా ఉందేమో! ఒక వెలక్కాయ తెచ్చి, ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లించింది. కాయ తిన్నగా వెళ్ళింది. మళ్ళీ దొర్లించింది. మళ్ళీ తిన్నగానే వెళ్ళింది. మూడోసారి దొర్లించబోతే కోతి వచ్చి తినేసింది. నేలలోనూ లోపం లేదు.

మూడోసారి ముత్యాలు ఏమీ అనుమానించలేదు. ఊరికే కూర్చుంది. ఆ సాయంత్రం బండ మీద మళ్ళీ సమావేశం. అలివేలు తోపులో మేస్తుంటే, బుజ్జి అలుగు ముత్యాలు ఒళ్ళో ఉంది. దాని పొట్ట మెత్తగా, వెచ్చగా ఉంది.

“రేపు మూడో ఆట” అన్నాడు దొరబాబు. “రేపు గెలవకపోతే ఆ పిల్లని పంపించేద్దాం. ఇది నా మాట.” అంటూ గట్టిగా కాలు వేశాడు. దబ్!

ముత్యాలు ఒళ్ళో బుజ్జి అలుగు చటుక్కున చుట్టుకుపోయింది.

ముత్యాలు కిందకి చూసింది. కాసేపటికి బుజ్జి అలుగు మెల్లగా విచ్చుకుంది. కోతి చెట్టు మీద కీచుమని అరిచింది. బుజ్జి అలుగు కదల్లేదు. నాగలింగం గొంతు చించుకుని వాదించాడు. అయినా కదల్లేదు. దొరబాబు మళ్ళీ కాలు వేశాడు. దబ్! చుట్టుకుపోయింది.

ముత్యాలు బుజ్జి అలుగుని ఎత్తుకుని ఒక్క గెంతులో బండ దిగింది. తిన్నగా తోపులోకి పరుగెత్తింది.

“వదినా! ఎవరు ఎక్కడున్నారో నీకు కాళ్ళతో తెలుస్తుంది. అవునా?”

అలివేలు పుట్టలోంచి నాలుక తీసింది. “అవును ముత్యాలూ. ఎవరు నడిచినా నేల కదులుతుంది. కుందేలు అడుగు వేరు, పొన్నయ్యగారి అడుగు వేరు. అది నా పాదాలకి తెలుస్తుంది.”

“మరి ఇక్కడ?”

అలివేలు బిడ్డని తీసుకుని తోక మీద పెట్టుకుంది. “ఇక్కడ బండ మోగుతుంది. కింద అంతా ఒకటే దబదబ. అందులో నాకు ఎవరి అడుగూ దొరకదు.”

“ఇన్ని రోజులు చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? నేను వచ్చి నాలుగు రోజులు కాలేదు. వాళ్ళు నా కోసమే తొక్కుతున్నారు. ప్రేమగా తొక్కుతున్నారు. ఆపండి అని ఏ నోటితో అనను?” అంది.

ముత్యాలుకి ఏడుపొచ్చింది. దాంతోపాటే దొరబాబు మీద కోపమూ వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయన ముందుకెళ్ళి నిలబడింది. జరిగిందంతా చెప్పింది.

దొరబాబు ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. “ఏంటీ? నా కాలి వల్ల మన టీము ఓడిందా?”

“అవును మావా.”

“మా తాత తొక్కిన బండ ఇది! నా వయసులో సగం లేవు, నాకు చెప్పొచ్చావా? పో పిల్లా, పో!”

“నన్ను తిట్టు మావా. కానీ ఒక్కసారి నీ కళ్ళతో నువ్వు చూడు. తర్వాత ఎన్ని తిట్లైనా తిట్టు” అంది ముత్యాలు. బుజ్జి అలుగుని తెచ్చి బండ చివర కూర్చోబెట్టింది.

దొరబాబు విసురుగా కాలు వేశాడు. దబ్! బుజ్జిది చుట్టుకుపోయింది.

“గాలికి అయ్యుంటుంది” అన్నాడు. అది విచ్చుకునేదాకా ఆగాడు. ఈసారి కొంచెం నెమ్మదిగా వేశాడు. చుట్టుకుపోయింది.

మూడోసారి కాలు ఎత్తాడు. బుజ్జి అలుగు అప్పుడే తల బయటపెట్టి, మసక కళ్ళతో ఆయన వైపు చూస్తోంది. దొరబాబు కాలు దించలేకపోయాడు. కాసేపు అలాగే నిలబడి, తర్వాత పిల్లిలా మెల్లగా పాదం ఆనించాడు. బుజ్జిది చుట్టుకోలేదు.

దొరబాబు తల దించుకుని ఏటి వైపు నడిచి వెళ్ళిపోయాడు. ముత్యాలు వెనకాల నిలబడి చూసింది. కోపంతో వెళ్ళాడా? సిగ్గుతో వెళ్ళాడా? సాయంత్రం ఏం చేస్తాడు? ఎంత చూసినా ఆ వీపు మీద జవాబు కనిపించలేదు.

సాయంత్రం అయింది. మూడో ఆట. వచ్చింది ఎవరనుకున్నారు? మడుగు టీము! రెండేళ్ళుగా ఒక్క ఆట ఓడనివాళ్ళు. నల్లబండ నిండిపోయింది. అందరూ కాళ్ళు సిద్ధం చేసుకుని దొరబాబు కోసం చూస్తున్నారు.

దొరబాబు పిల్లిలా మెల్లగా అడుగులేస్తూ వచ్చాడు. తన చోట నిలబడ్డాడు. మైదానంలో అలివేలు నడిమధ్యకి వచ్చింది.

“ఏం దొరబాబూ, మొదలుపెట్టు” అన్నాడు నాగలింగం.

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. “ఇవాళ ఎవరూ తొక్కొద్దు.”

“ఏంటీ?”

“కాలు కదపొద్దు. ఒక్కరు కూడా. తొక్కాలని ఉంటే బండ దిగి వెళ్ళిపొండి.”

“ఎందుకు?” అన్నారు అందరూ.

దొరబాబు దాచకుండా చెప్పాడు. “మన ఆటగత్తె కాళ్ళతో చూస్తుంది. ఇన్నాళ్ళూ ఆ చూపుకి నేను అడ్డం నిలబడ్డాను. తప్పు ఆ పిల్లది కాదు. నాది.”

కోతికి కూడా నవ్వు రాలేదు.

ఆట మొదలైంది. మొదట మడుగు టీము ఒక గోలు కొట్టింది. వాళ్ళ అభిమానులు నీటికోళ్ళు, బాతులు. అవి గాలిలో ఎగురుతూ కేకలు పెట్టాయి. కేకలకి నేల కదలదు కదా, అలివేలుకి ఏమీ కాలేదు. నాలుగు పాదాలు ఆనించి నిలబడింది. ఒక్కో అడుగునీ వింది. బంతి వచ్చింది. ఎడమకి తోసింది. పొన్నయ్య అందుకున్నాడు. గోల్! ఒకటి, ఒకటి.

గోలు పడ్డాక కూడా కాలు కదపకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలియదు. ఉడుత తన తోకని తనే కొరుక్కుంది. నాగలింగం కాళ్ళు ఊరుకోక బండ మీద బోర్లా పడుకున్నాడు.

ఇక చివరి నిమిషం. కొంగ రెఫరీ అరవడానికి ముక్కు తెరుస్తోంది. బంతి అలివేలు దగ్గరికి వచ్చింది. మడుగు టీమువాళ్ళు ముగ్గురు చుట్టుముట్టారు. దొరబాబు ఒళ్ళు మరిచిపోయాడు. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కదా! కాలు దానంతట అదే లేచింది.

“మావా!” అంది ముత్యాలు.

కాలు గాలిలో ఆగింది.

అంత పెద్ద శరీరం. మూడు కాళ్ళ మీద నిలబడింది. ఒళ్ళంతా వణుకుతోంది. దించితే చప్పుడు అవుతుందేమోనని దించలేదు. అలాగే ఉన్నాడు. చెమట కారి కళ్ళలో పడుతున్నా అలాగే ఉన్నాడు.

మైదానంలో అలివేలు ఒక్క క్షణం ఆగింది. కుడివైపు దూరంగా కుందేలు పరుగు మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ చూడలేదు. అలివేలు పాదాలకి తెలిసింది. ముగ్గురి కాళ్ళ మధ్య నుంచి తోకతో బంతిని జార్చింది. బంతి గడ్డి మీద తిన్నగా జారుకుంటూ వెళ్ళి, సరిగ్గా కుందేలు అడుగు పడే చోటికి చేరింది.

గోల్!

కొంగ ‘క్రేక్’ అంది. ఆట అయిపోయింది. రెండు, ఒకటి. మడుగు టీము రెండేళ్ళ తర్వాత ఓడింది.

బండ మీద కేకలే కేకలు. “ఉండు! ఉండు! ఉండు!” అని అరిచారు అందరూ. అందరికంటే గట్టిగా అరిచింది నాగలింగమే. పొన్నయ్య ఏమీ అనలేదు. కొమ్ములు వంచి అలివేలుకి దారి ఇచ్చాడు.

అలివేలు నెమ్మదిగా బండ దగ్గరికి వచ్చింది. ముత్యాలు బిడ్డని తెచ్చి తోక మీద పెట్టింది. అలివేలు మసక కళ్ళతో అటూ ఇటూ చూసింది.

“ఇవాళ అందరి అడుగులూ తెలిశాయి ముత్యాలూ. బండ ఎక్కేటప్పుడు నీవి తెలిశాయి, నాగలింగం గారివి తెలిశాయి. ఆ పెద్ద అడుగు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి కూడా తగల్లేదు. నా కోసం రోజూ తొక్కే అన్నయ్య ఇవాళ రాలేదా? నేను బాగా ఆడినరోజే రాలేదా?”

ముత్యాలు పక్కకి చూసింది. అందరూ అటు చూశారు. దొరబాబు ఇంకా మూడు కాళ్ళ మీదే ఉన్నాడు. నాలుగోది గాలిలోనే ఉంది.

“వచ్చాను తల్లీ” అన్నాడు దొరబాబు. కళ్ళ నుంచి నీళ్ళు జారి గడ్డం మీద పడ్డాయి. “నీకు తెలియకుండా ఉండాలనే వచ్చాను.”

అలివేలు చప్పుడు వచ్చిన వైపు నడిచి, ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది. “ఆట అయిపోయింది కదా అన్నయ్యా. ఇప్పుడు వెయ్యి. ఒక్కసారి నీ అడుగు చూస్తాను” అంది.

దొరబాబు కాలు వేశాడు. దబ్!

తల్లీ, బిడ్డా ఇద్దరూ ఒకేసారి ఉండలా చుట్టుకుపోయారు. చుట్టుకున్న పెంకుల లోపలి నుంచి అలివేలు నవ్వు వినిపించింది. ముందు ముత్యాలు నవ్వింది. తర్వాత దొరబాబు నవ్వాడు. అడవి అడవంతా నవ్వింది.

ఆ రోజు నుంచి ఏటిగట్టు మీద కొత్త ఆనవాయితీ మొదలైంది. ఆట నడుస్తున్నంతసేపు బండ మీద చీమ నడిచినా వినిపించేది. ఆట అయ్యాక మాత్రం దొరబాబు మూడుసార్లు తొక్కేవాడు. దానికి ముందు ముత్యాలు బుజ్జి అలుగుని ఎత్తుకుని తోపులోకి తీసుకెళ్ళిపోయేది.

నీతి: ఒకరు పనికిరారని తేల్చేముందు, వాళ్ళ పనికి మనమే అడ్డు నిలబడ్డామేమో చూసుకోవాలి, కొన్నిసార్లు ఎత్తిన కాలు దించకుండా ఆగడమే మనం చేయగల పెద్ద సాయం.